విమాన ప్రయాణము: దూరము, కాలము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో కుమారుడో కుమార్తెయో అమెరికాలో నివసించుచున్న కుటుంబములు నేడు అరుదు కావు. వారికి ఎదురేగుటకైనను, వారిని సాగనంపుటకైనను ఇంటివారు సాధారణముగా బెంగుళూరు విమానాశ్రయమునకే పోవుదురు. ఏ దినమున, ఏ వేళకు బయలుదేరవలెనో నిర్ణయించుకొనుటకు దూరమును, కాలమును లెక్కించు విధము తెలిసియుండవలెను. దానిని ఒక్క ఉదాహరణముతో వివరింతుము.

బెంగుళూరు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరముల నడుమ దూరము సుమారు 14,000 కిలోమీటర్లు. గోడమీది పటమున గీచిన సరళరేఖ దీనికి కొలత కాదు. గుండ్రని భూగోళపు నమూనాపై ఈ రెండు నగరములను కలుపుచు ఒక పట్టుదారమును బిగించి చూడుడు. ఆ దారము తూర్పునకుగాని పడమటకుగాని నేరుగా పోక, ఉత్తర ధ్రువ ప్రాంతము మీదుగా పోవును. అదియే దగ్గరి దారి.

గంటకు 900 కిలోమీటర్ల వేగమున ఈ దూరమునకు పదునైదున్నర గంటలు చాలునని తోచును. కాని విమానము ఎక్కుటకు, దిగుటకు కొంతకాలము పట్టును. అంతేగాక, పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు బలమైన గాలులు వీచుచుండును. అవి వెనుకనుండి వీచిన కాలము తగ్గును, ఎదురైన పెరుగును. కనుకనే ఒక్కొక్కప్పుడు పోవు దారి వేరు, వచ్చు దారి వేరు.

2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వమున మహిళా పైలట్లు ఎయిరిండియా విమానమును ధ్రువ మార్గమున శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు నడిపిరి. కాలపట్టిక ప్రకారము అది 9వ తేదీ శనివారము రాత్రి 8.30కు బయలుదేరి, 11వ తేదీ సోమవారము 3.45కు చేరవలెను. గడియారముల ప్రకారము ఇది 31 గంటల 15 నిమిషములు. శీతకాలమున మన గడియారము అక్కడి దానికంటె 13 గంటల 30 నిమిషములు ముందుండును. దానిని తీసివేయగా మిగిలిన 17 గంటల 45 నిమిషములే అసలు ప్రయాణకాలము. వేసవిలో ఈ వ్యత్యాసము 12 గంటల 30 నిమిషములు మాత్రమే.

ఇక ముఖ్యమైన విషయము. మన పంచాంగమున దినము సూర్యోదయముతో ఆరంభమగును. విమానముల కాలపట్టికలో అర్ధరాత్రితో ఆరంభమగును. పైన చెప్పిన సోమవారము 3.45 మన పెద్దల లెక్కలో ఆదివారపు రాత్రియే. సోమవారమని చూచి ఆనాటి సాయంకాలము కారు మాట్లాడుకొన్నవారికి విమానాశ్రయమున బిడ్డ కనబడడు. అతడు దిగి అప్పటికే ఎన్నో గంటలు గడచియుండును.

విమానాశ్రయమునకు రోడ్డు దూరము హిందూపురమునుండి సుమారు 80, పెనుకొండనుండి 110, ధర్మవరమునుండి 150 కిలోమీటర్లు. ధర్మవరమువారు మూడు గంటల ప్రయాణము లెక్కించుకొని, ఆ ఆదివారము రాత్రి పన్నెండు గంటలకే బయలుదేరవలెను. విదేశమునకు పోవువారైనచో విమానపు వేళకు మూడు గంటల ముందే అక్కడ ఉండవలెను. వచ్చువారు దిగిన పిమ్మట తనిఖీలు ముగించుకొని, సామాను తీసికొని వెలుపలికి వచ్చుటకు గంట పట్టవచ్చును.

కావున టిక్కెట్టు చేతికి రాగానే తేదీని మాత్రమే చూడక, దాని ప్రక్కన ఏ రాత్రియో వారము పేరుతో వ్రాసి గోడ క్యాలెండరున గుర్తు పెట్టుకొనుడు.