వేయి యంత్రములకు ఒక్క కాపరి

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ అను తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినది. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగముతో వీచిన గాలికి మహావృక్షములు కూలినవి; విద్యుత్ స్తంభములు ఒరిగినవి. అయినను ఆ తుపాను చెప్పకుండ వచ్చినది కాదు. అది ఎటు కదలునో, ఎచ్చట తీరము చేరునో వాతావరణ శాఖవారు కొన్ని దినములు ముందుగనే హెచ్చరించిరి. వేలాది ప్రజలను సురక్షిత స్థలములకు తరలించుటకు ఆ హెచ్చరికయే ఆధారమైనది.

ఇట్టి జోస్యము గ్రహములను చూచి చెప్పునది కాదు, లెక్కకట్టి చెప్పునది. వాయుమండలమును చిన్న చిన్న గళ్లుగా విభజింతురు. ఒక్కొక్క గడిలోని పీడనము, ఉష్ణోగ్రత, తేమ, గాలివేగము తీసికొని, కొన్ని నిమిషముల తరువాత అవి ఎట్లుండునో భౌతికశాస్త్ర సూత్రములనుబట్టి గణింతురు. ఆ ఫలితముతో మరల గణింతురు. ఇట్లు వేలసార్లు చేసినగాని రాబోవు నాలుగు దినముల చిత్రము తేలదు. రేపటి తుపాను సంగతి ఎల్లుండి తేలినచో దానివలన ప్రయోజనమేమి? గాలికంటె లెక్క ముందు పరుగెత్తవలెను.

రిచర్డ్‌సన్ ఊహ

కంప్యూటర్లు పుట్టకముందే, 1922లో, లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ చిక్కును గుర్తించెను. నాటకశాలవంటి ఒక పెద్ద మందిరములో 64,000 మంది గణకులు కూర్చుండి, తమ తమ గళ్ల లెక్కలు చేయుచు, ఫలితములను ఇరుగుపొరుగు వారికి అందించుకొనవలెనని ఆయన ఊహించెను. నడుమనున్న ఎత్తైన పీఠముపై ఒక అధికారి నిలుచుండి, ముందుకు పోవుచున్న వారిపై గులాబి రంగు కాంతిని, వెనుకబడిన వారిపై నీలికాంతిని ప్రసరింపజేయును.

ఈ ఊహలో గమనింపదగినది గణకుల సంఖ్య మాత్రమే కాదు. ఆ అధికారి చేతిలోని దీపము కూడ. పొరుగుగడి ఫలితము అందనిదే తన గడి లెక్క సాగదు. కావున ఒక్కడు వెనుకబడినచో మందిరమంతయు ఆగును.

కూటమి అనగానేమి?

రిచర్డ్‌సన్ మందిరమునకు నేటి రూపమే కంప్యూటర్ల కూటమి. దీనినే క్లస్టర్ అందురు. ఇందులోని ఒక్కొక్క యంత్రమునకు నోడ్ అని పేరు. 1994లో అమెరికాలోని నాసా సంస్థకు చెందిన గొడార్డ్ కేంద్రమున థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనువారు 16 సామాన్య కంప్యూటర్లను తీగలతో కలిపి, బేవుల్ఫ్ అను కూటమిని నిర్మించిరి. బజారులో దొరకు యంత్రములతోనే గొప్ప గణనశక్తిని సంపాదింపవచ్చునని దానివలన తేలినది. మన దేశమున పూణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థలో 2013లో నెలకొల్పిన ‘ఆదిత్య’లో సుమారు 38,000 గణన కేంద్రకములుండెడివి, నోడులు రెండు వేలకు పైమాటే.

యంత్రములు పదునారైనచో ఒక మనిషి తిరిగి చూచుకొనగలడు. రెండు వేలైనచో? ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక్కొక్క నోడు సగటున ఐదేండ్లకు ఒకసారి మాత్రమే చెడునని అనుకొందము. ఐదేండ్లనగా 1,825 దినములు. 2,000 నోడులున్నచోట దినమునకు ఒకటికి పైగా చెడుచుండునన్న మాట! ఇంటిలో ఐదేండ్లకు ఒకసారి వచ్చు చిక్కు ఇచ్చట దినకృత్యము. ఒక్కొక్క యంత్రములోనికి ప్రవేశించి ఒక చిన్న మార్పు చేయుటకు రెండు నిమిషములు పట్టినను, అన్నిటికి 4,000 నిమిషములు, అనగా 66 గంటల 40 నిమిషములు కావలెను. ఈలోగా తుపాను తీరము దాటిపోవును.

కావున కంప్యూటర్లను తీగలతో కలిపినంత మాత్రమున కూటమి కాదు. దానిని నడుపుటకు కొన్ని అదనపు పనిముట్లు కావలెను. ఇవి ఇనుప పనిముట్లు కావు. కంప్యూటరునకు చెప్పు ఆజ్ఞల సముదాయములు, అనగా సాఫ్ట్‌వేరు. విశాఖ రేవులోనికి ఎంత పెద్ద ఓడ వచ్చినను, దారి చూపు పైలటు, లాగుకొనివచ్చు టగ్గు పడవ లేనిదే గట్టు చేరదు. ఈ పనిముట్లును అట్టివే.

నాలుగు పనిముట్లు

మొదటిది ఒకే ఆజ్ఞను పెక్కు నోడులకు చేరవేయునది. పి.డి.ఎస్.హెచ్. అనునది ఇట్టిది. ఇది మామూలుగా 32 నోడులకు ఒక్కసారిగ ఆజ్ఞ పంపును. రెండు వేల నోడులకు 63 విడతలు చాలును. ఒక్కొక్క విడతకు రెండు సెకండ్లు పట్టినచో మొత్తము 126 సెకండ్లు. మూడు దినముల పని రెండు నిమిషములలో ముగిసినది.

రెండవది నోడులన్నిటిని ఒకే తీరున సిద్ధపరచునది. కొత్త నోడు మేలుకొనగనే వలద్వారా ప్రధాన యంత్రమును అడిగి, తనకు కావలసిన ఆజ్ఞావళినంతయు తెచ్చుకొనును. చెడిన నోడును తీసి వేరొకదానిని పెట్టినను అది తక్కినవానికి కవలవలె తయారగును. ఎక్స్‌క్యాట్, వేర్‌వుల్ఫ్ అనునవి ఈ కోవకు చెందినవి.

మూడవది కనిపెట్టియుండునది. ఉక్కు కర్మాగారములో బ్లాస్ట్ కొలిమిలోనికి తొంగి చూచుట ఎవరి తరము? గోడలలో అమర్చిన ఉష్ణమాపకములు లోపలి సంగతిని కంట్రోలు గదికి తెలుపుచుండును. కూటమిలో ఆ పని చేయుటకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో గాంగ్లియా అను పనిముట్టు పుట్టినది. శరీరమందలి నాడీకణముల ముడులకు గల పేరే దీనికి పెట్టిరి. నోడులు తమ వేడిమి, పనిభారము, మిగిలిన జ్ఞాపకశక్తి మున్నగు వానిని తెలుపుచుండును. పలుకక మౌనము వహించిన నోడును వెంటనే అనుమానింపవలెను. ఇదియే రిచర్డ్‌సన్ నీలికాంతి.

నాలుగవది పని పంచునది. ఏ ఓడ ఏ గట్టున, ఎప్పుడు, ఎంతసేపు నిలువవలెనో రేవు అధికారులు నిర్ణయించినట్లు, ఏ గణన ఏ నోడులపై నడువవలెనో ఇది నిర్ణయించును. 2002లో అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలలో మొదలైన స్లర్మ్ ఇందుకు ప్రసిద్ధము. ఇందొక చమత్కారము కలదు. ఒక పెద్ద గణనకు 1,000 నోడులు కావలెను. 900 ఖాళీగా ఉన్నవి. తక్కినవి మూడు గంటలకు ఖాళీయగును. ఈలోగా రెండు గంటలలో ముగియు చిన్న పనులను ఆ 900 నోడులపై ముగించుకొనవచ్చును. నాలుగు గంటల పనిని మాత్రము అచ్చటికి రానీయరాదు. వచ్చినచో పెద్ద గణన వెనుకబడును. తుపాను గణన వచ్చినపుడు అన్నిటిని ప్రక్కకు నెట్టి దానికే తొలి తాంబూలమిచ్చునట్లును ఏర్పాటు చేయవచ్చును.

మేలును, ముప్పును

పనిముట్టు బలము పెరిగినకొలది బాధ్యతయు పెరుగును. రెండు నిమిషములలో రెండు వేల యంత్రములను సరిచేయగల ఆజ్ఞ, తప్పుగా వ్రాసినచో రెండు నిమిషములలో రెండు వేల యంత్రములను చెరుపగలదు. అందుచే అనుభవజ్ఞులు ఏ మార్పునైనను మొదట ఒక్క నోడుపై చేసి చూతురు, పిదప పదింటిపై, ఆ పిమ్మటనే అన్నిటిపై. అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచుట మన ఇండ్లలో ఎరిగిన పద్ధతియే కదా! నిఘాను కూడ మితముగా ఉంచవలెను. ప్రతి క్షణము పలుకరించుచున్నచో నోడుల కాలము జవాబులకే సరిపోవును; అసలు లెక్క కుంటుపడును.

విద్యార్థులు దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ఒక పెద్ద కూడికను పదిమందికి పంచి, ఒకనిని కావలెనని ఆలస్యము చేయమనుడు. తొమ్మండుగురు ఎంత చురుకైనవారైనను జవాబు ఎప్పుడు వచ్చునో చూడుడు. అప్పుడు ఆ ఒక్కనిని వెంటనే కనిపెట్టి, వాని పనిని మరియొకరికి అప్పగించు వ్యక్తి విలువ బోధపడును. తుపాను హెచ్చరిక విన్న జాలరి తన పడవను ఒడ్డునకు లాగుకొనునపుడు, ఆ హెచ్చరిక వెనుక వేలాది యంత్రములతోపాటు, వానిని ఒక్కతాటిపై నడిపిన ఈ కనరాని పనిముట్లును ఉన్నవని గుర్తింపవలెను.