పిండ హృదయం – కంప్యూటర్ నమూనా

మానవ పిండంలో అన్నింటికంటే ముందుగా పని ప్రారంభించే అవయవం గుండె. ఫలదీకరణ జరిగిన సుమారు 22వ రోజుకే అది స్పందించడం మొదలవుతుంది. అప్పటికి అది సన్నని గొట్టం మాత్రమే. ఆ గొట్టం మెలి తిరిగి, లోపల గోడలు ఏర్పడి, ఎనిమిదో వారం ముగిసేసరికి నాలుగు గదుల గుండెగా రూపొందుతుంది. ఈ నిర్మాణంలో తేడా వస్తే శిశువు గుండె లోపంతో జన్మించవచ్చు. పుట్టే ప్రతి వందమంది శిశువులలో దాదాపు ఒకరికి ఇటువంటి లోపం ఉంటుందని అంచనా.

మనం ఇల్లు కట్టుకున్న తరువాతే కాపురం పెడతాం. గుండె మాత్రం కాపురం చేస్తూనే ఇల్లు కట్టుకుంటుంది. ప్రవహించే రక్తం గోడలను తాకుతూ, ఒత్తుతూ ఉంటుంది. ఆ స్పర్శను గ్రహించిన కణాలు తదనుగుణంగా పెరుగుతాయి. అమెరికాలోని కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు జీబ్రా చేప పిండాలలో అతి చిన్న పూసలతో గుండెకు రక్తప్రవాహాన్ని అడ్డగించి చూశారు. ఆ గుండెలలో మెలిక సరిగా ఏర్పడలేదు, కవాటాలు రూపొందలేదు. ఈ ఫలితాలను వారు 2003లో ప్రకటించారు. అంటే లోపానికి జన్యువులే కాక, ప్రవాహంలోని మార్పు కూడా కారణం కాగలదన్నమాట.

బృహద్ధమని ముఖంలోని కవాటం బాగా ఇరుకైన గర్భస్థ శిశువును ఉదాహరణగా తీసుకుందాం. రక్తాన్ని బయటికి నెట్టలేక ఎడమ జఠరిక మొదట ఉబ్బుతుంది. లోపలి పొరలో తెల్లని, గట్టి తంతు కణజాలం పేరుకుంటుంది. గట్టిపడిన గది సరిగా వ్యాకోచించదు కనుక అందులోకి చేరే రక్తం తగ్గుతుంది. రక్తం తగ్గితే ఎదుగుదల కుంటుపడుతుంది. నెలలు నిండేసరికి ఆ జఠరిక శరీరానికి రక్తం అందించలేనంత చిన్నదిగా మిగిలిపోవచ్చు. గర్భంలో ఉన్నంతకాలం ప్రాణవాయువు మాయ ద్వారా అందుతుంది. కుడి జఠరిక ఒక అదనపు నాళం ద్వారా శరీరానికి రక్తం పంపుతుంది. అందుచేత అప్పటికి శిశువు ప్రాణానికి ముప్పు రాదు. పుట్టిన కొద్దిరోజులకు ఆ నాళం మూసుకుపోయినప్పుడే ప్రాణాపాయం ఏర్పడుతుంది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. కణజాలం గట్టిపడకముందే కవాటాన్ని తెరవగలిగితే జఠరిక తిరిగి ఎదిగే అవకాశం ఉంది. తల్లి ఉదరం గుండా సన్నని సూదిని శిశువు గుండెలోకి పంపి, చిన్న బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేసే పద్ధతిని లండన్ వైద్యులు 1991లో ప్రకటించారు. అయితే ఇందులో శిశువు మరణించే ప్రమాదమూ ఉంది. చికిత్స సఫలమైనా ప్రతి గుండే కోలుకోదు. కనుక ఎవరికి చేయాలి, ఎవరికి చేయకూడదు అన్నది కొద్ది వారాలలో తేల్చుకోవలసిన ప్రశ్న.

ఇక్కడే కంప్యూటర్ నమూనా అవసరమవుతుంది. తెలుగు రాష్ట్రాలలో టిఫా స్కాన్ అని పిలిచే పరీక్షను గర్భం 18 నుండి 22 వారాల మధ్య ఉండగా చేస్తారు. అప్పటికి శిశువు గుండె చాలా చిన్నది. నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకుంటుంది. పైగా శిశువు కదులుతూనే ఉంటుంది. కదలికల వల్ల చెదిరిన ఎం.ఆర్.ఐ. చిత్రాలను కంప్యూటర్‌తో సరిదిద్ది, గర్భస్థ శిశువు గుండె రక్తనాళాల త్రిమితీయ రూపాన్ని లండన్ పరిశోధకులు 2019లో చూపగలిగారు. ఇటువంటి రూపాన్ని వేలాది చిన్న భాగాలుగా విభజించి, వాటికి ద్రవచలన సూత్రాలను అన్వయిస్తే రక్తవేగం, పీడనం, గోడలపై ఒరిపిడి లెక్కకు వస్తాయి. కవాటాన్ని తెరపైనే వెడల్పు చేసి, ప్రవాహం ఎలా మారుతుందో ముందుగా పరిశీలించవచ్చు.

అయినా నమూనా శిశువు కాదు. సజీవ పిండంలో గుండె గోడ ఎంత గట్టిపడిందో నేరుగా కొలవడం సాధ్యం కాదు. ఆ విలువను ఊహించి లెక్కలో చేర్చాలి. ఊహ మారితే ఫలితమూ మారుతుంది. తప్పు అంచనాను నమ్మి సూది గుచ్చినా, గుచ్చవలసినప్పుడు మానుకున్నా మూల్యం చెల్లించేది శిశువే. కాబట్టి నమూనా చెప్పిన అంకెతోపాటు, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో కూడా తల్లిదండ్రులకు వివరించడం వైద్యుని బాధ్యత.