మీ ఫోన్‌లో ఏం కనిపించాలో మీరే తేల్చుకోండి: ఆర్‌ఎస్‌ఎస్ రీడర్ ఎంచుకోవడం, వాడడం

ఈ ఎపిసోడ్‌లో ఒక పాత టెక్నాలజీ గురించి మాట్లాడుకుందాం. పాతదే గానీ, ఇవాళ మన ఫోన్లకి బాగా పనికొచ్చేది. దాని పేరు ఆర్‌ఎస్‌ఎస్.

ముందు ఒక చిన్న ప్రశ్న. మీరు ఫాలో అయ్యే పేజీలు, ఛానెళ్ళు ఒక యాభై ఉన్నాయనుకోండి. వాటిలో నిన్న ఎవరెవరు కొత్తగా ఏం పెట్టారో మొత్తం చెప్పగలరా? చాలామంది చెప్పలేరు. ఎందుకంటే యాప్ తన లెక్క ప్రకారం చూపిస్తుంది. మీరు ఎక్కువసేపు చూస్తారనుకున్నది పైకొస్తుంది, మిగతాది అడుక్కి పోతుంది. కామెడీ వీడియో ఒకటి తప్పిపోతే పోనీ అనుకోవచ్చు. అదే మీరు బ్యాంకు పరీక్షలకో, సివిల్స్‌కో చదువుతుంటే? కావాల్సిన ప్రకటన పది రోజుల తర్వాత ఎవరో ఫార్వర్డ్ చేస్తే గానీ తెలియకపోతే? పైగా ఆ ఫార్వర్డ్ నిజమా కాదా అని మళ్ళీ వెతుక్కోవాలి. మధ్యలో ఎవరూ లేకుండా, అసలు సైటు నుంచే మన దగ్గరికి సమాచారం తెచ్చుకునే దారి ఈ ఆర్‌ఎస్‌ఎస్.

ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. వెబ్‌సైట్ తన దగ్గర ఒక చిన్న ఫైలు పెట్టుకుంటుంది. దాన్నే ఫీడ్ అంటారు. అందులో కొత్త పోస్టుల పేర్లు, లింకులు, తేదీలు, కొంత సారాంశం ఉంటాయి. ఒక్కోసారి మొత్తం వ్యాసమే ఉంటుంది. మన రీడర్ యాప్ అప్పుడప్పుడూ వెళ్ళి ఆ ఫైల్లో కొత్తదేమైనా ఉందా అని చూసి, ఉంటే తెచ్చి తేదీల వారీగా పెడుతుంది. అంతే. ఆ సైటుకి మీ మెయిల్ ఐడీ ఇవ్వక్కర్లేదు, ఫోన్ నంబర్ ఇవ్వక్కర్లేదు. వద్దనుకుంటే యాప్‌లో ఆ ఫీడ్ తీసేస్తే సరి.

దీని మొదటి రూపం 1999లో నెట్‌స్కేప్ కంపెనీలో తయారైంది. ఆ తర్వాత 1.0 వెర్షన్ రాసినవాళ్ళలో ఆరన్ స్వార్జ్ ఒకడు. అప్పటికి అతని వయసు 14 ఏళ్ళు! మీరు పాడ్‌కాస్ట్‌లు వింటారా? అయితే ఆర్‌ఎస్‌ఎస్ మీరు ఇప్పటికే వాడుతున్నట్టే, చాలా పాడ్‌కాస్ట్‌లు యాప్‌లకి చేరేది ఈ ఫీడ్ ద్వారానే. మన తెలుగులోనూ దీనికి చరిత్ర ఉంది. కూడలి, జల్లెడ, హారం, మాలిక అని తెలుగు బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే సైట్లు ఉండేవి. వాటి వెనక పనిచేసింది కూడా ఫీడ్లే.

ఇక రీడర్ ఎంచుకోవడం. ఇందులో రెండు రకాలున్నాయి.

మొదటి రకం, అన్నీ ఫోన్‌లోనే దాచుకునే యాప్. ఆండ్రాయిడ్‌లో ఫీడర్ అనే ఉచిత యాప్ ఉంది, అకౌంట్ కూడా అక్కర్లేదు. ఐఫోన్ ఉన్నవాళ్ళకి నెట్‌న్యూస్‌వైర్ ఉంది, అదీ ఉచితమే. ఈ రకంలో మీరేం చదువుతున్నారో ఏ కంపెనీ సర్వర్‌కీ చెప్పాల్సిన పని లేదు. కానీ ఒక ఇబ్బంది ఉంది. చాలా ఫీడ్లలో చివరి కొన్ని పోస్టులే ఉంటాయి. వర్డ్‌ప్రెస్ సైట్లయితే, సెట్టింగ్ మార్చకపోతే 10 మాత్రమే. మీ ఫోన్ నాలుగు రోజులు స్విచాఫ్ అయి ఉండి, ఆ సైటులో ఈలోగా 30 పోస్టులు వచ్చాయనుకోండి. మొదటి 20 మీకు అందవు.

రెండో రకం, సర్వర్ మీద నడిచేవి. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటివన్నమాట. మీ ఫోన్ ఆఫ్‌లో ఉన్నా వాళ్ళ సర్వర్ తెచ్చి పెడుతూనే ఉంటుంది. ఫోన్‌లో చదివింది లాప్‌టాప్‌లో కూడా చదివినట్టే కనిపిస్తుంది. అయితే అకౌంట్ తెరవాలి, ఉచిత ప్లాన్‌లో ఎన్ని ఫీడ్లు పెట్టుకోవచ్చో దానికి ఒక పరిమితి ఉంటుంది.

నన్నడిగితే, ఒక్క ఫోనే వాడేవాళ్ళు మొదటి రకంతో మొదలుపెట్టండి. రెండు మూడు పరికరాలు వాడేవాళ్ళకి రెండోది నయం.

ఏ రకం తీసుకున్నా ఒకటి మాత్రం తప్పకుండా చూడండి: ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ ఉందా లేదా? ఓపీఎంఎల్ అంటే మీ ఫీడ్ల జాబితా మొత్తం ఉండే ఒక ఫైలు. గూగుల్ రీడర్ అని ఒకటుండేది, 2005లో మొదలై చాలా పేరు తెచ్చుకుంది. 2013 జులై 1న గూగుల్ దాన్ని మూసేసింది. జాబితా ఎక్స్‌పోర్ట్ చేసుకున్నవాళ్ళు దాన్ని ఇంకో రీడర్‌లో వేసుకుని చదవడం కొనసాగించారు. యాప్‌లు వస్తాయి, పోతాయి. జాబితా మీ దగ్గర ఉంటే చాలు.

ఇప్పుడు ఫీడ్ చేర్చడం. సైటు అడ్రస్ కాపీ చేసి రీడర్‌లో ప్లస్ గుర్తు దగ్గర పేస్ట్ చేయండి. చాలాసార్లు ఫీడ్‌ని అదే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే, వర్డ్‌ప్రెస్ సైటైతే అడ్రస్ చివర స్లాష్ పెట్టి ఇంగ్లీషులో ఫీడ్ అని టైప్ చేసి చూడండి. యూట్యూబ్ ఛానెళ్ళకి కూడా ఫీడ్లున్నాయి. చాలా రీడర్లలో ఛానెల్ లింక్ పేస్ట్ చేస్తే చాలు, రికమండేషన్ల గోల లేకుండా ఆ ఛానెల్ కొత్త వీడియోలు మాత్రమే వస్తాయి. పరీక్షలకి చదివేవాళ్ళు పీఐబీ, రిజర్వ్ బ్యాంక్ ప్రెస్ రిలీజుల ఫీడ్లు పెట్టుకోండి. కరెంట్ అఫైర్స్ అసలు చోటు నుంచే వస్తాయి.

అయితే అన్నిటికీ ఫీడ్ ఉండదు. ఉద్యోగ ప్రకటనలు ఇచ్చే సైటుకి ఫీడ్ లేకపోతే, దాన్ని బుక్‌మార్క్ చేసుకుని వారానికి రెండుసార్లు మీరే చూడాలి. రీడర్‌లో ఏమీ రాలేదు కాబట్టి ప్రకటనే రాలేదు అనుకోవద్దు.

చివరిగా, వాడే పద్ధతి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఉత్సాహంలో ఎనభై ఫీడ్లు చేర్చేస్తారు. వారం తిరిగేసరికి చదవనివి వెయ్యి దాటతాయి, యాప్ తెరవాలంటేనే భయం. అందుకే పదితో మొదలుపెట్టండి. రోజుకి వంద వార్తలు పోసే న్యూస్ సైటునీ, నెలకొక్కటి రాసే మంచి బ్లాగునీ ఒకే ఫోల్డర్‌లో పెట్టకండి. ఆ వందలో ఈ ఒక్కటి మునిగిపోతుంది. 'తప్పక చదవాలి', 'తీరికుంటే' అని రెండు ఫోల్డర్లు చాలు. నోటిఫికేషన్ మాత్రం నిజంగా అవసరమైన ఒకటి రెండు ఫీడ్లకే పెట్టండి. ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే యాప్ వెనక పనిచేయక నోటిఫికేషన్లు ఆలస్యం కావచ్చు, అది కూడా ఒకసారి చూసుకోండి.

చదవనివి పేరుకుపోతే 'మార్క్ ఆల్ యాజ్ రీడ్' నొక్కేయండి. ఆ అంకె మీరు తీర్చాల్సిన అప్పేం కాదు. నెలకోసారి జాబితా చూసుకుని, వరసగా చదవకుండా దాటేస్తున్న ఫీడ్లు తీసేయండి.

ఇంకో మంచి విషయం, ఈ జాబితాకి చివర ఉంటుంది. కొత్తవి అయిపోతే అయిపోయినట్టే, ఇంక కిందికి లాగడానికి ఏమీ ఉండదు. ఫోన్ పక్కన పెట్టి పుస్తకం తీయొచ్చు.

ఈ వారం ఒక రీడర్ వేసుకుని, మీకు నిజంగా కావాల్సిన ఐదు సైట్లు చేర్చి చూడండి. ఇవాళ్టికి ఇంతే, మళ్ళీ కలుద్దాం. ఉంటాను.