వయోవృద్ధుల రక్షణ: సేవాసంస్థల బాధ్యత

ఆస్తిని బిడ్డల పేర వ్రాసియిచ్చిన పిమ్మట నిరాదరణకు గురవుతున్న వయోవృద్ధులు ఎందరో ఉన్నారు. ఇంటి గుట్టు రచ్చకెక్కుతుందన్న సంకోచంతో వారు తమ బాధను పైకి చెప్పుకొనరు. ఇట్టివారి రక్షణ కొరకు పార్లమెంటు 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని ఆమోదించింది.

60 సంవత్సరాలు నిండి, స్వంత ఆదాయంతో గాని ఆస్తితో గాని జీవనం గడుపుకొనలేనివారు పోషణ భృతి కొరకు రెవెన్యూ డివిజన్ స్థాయిలోని ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును. స్వయంగా దరఖాస్తు చేయలేని పక్షంలో వారు అధికారమిచ్చిన వ్యక్తి లేదా స్వచ్ఛంద సంస్థ ఆ పని చేయవచ్చును. సేవాసంస్థల బాధ్యత ఇక్కడే మొదలవుతుంది.

ఒంటిపై గాయాలు, పింఛను సొమ్ము చేతికందకపోవడం, కుటుంబసభ్యుల ఎదుట నోరు మెదపకపోవడం వంటి సూచనలను కార్యకర్తలు గమనించాలి. వృద్ధులతో ఏకాంతంగా, సావధానంగా మాట్లాడి, వారి అంగీకారంతోనే ఫిర్యాదుకు పూనుకోవాలి. వారి పాసుపుస్తకాలను తమవద్ద ఉంచుకొనరాదు. చదివి వినిపించని కాగితంపై వేలిముద్ర తీసుకొనరాదు. రక్షించవలసిన చేయే భక్షించే అవకాశం ఉండకూడదు.

తమను పోషించాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, ఆ షరతు తప్పినచో, 23వ సెక్షన్ క్రింద ట్రిబ్యునల్ ద్వారా తిరిగి పొందవచ్చును. ఆ షరతు లేదన్న కారణంతో 2022లో సుప్రీంకోర్టు ఒక తల్లికి ఈ సెక్షన్ వర్తించదని తీర్పు చెప్పింది. కావున దానపత్రంలో షరతును స్పష్టంగా వ్రాయించుకొనడం శ్రేయస్కరం.

సలహా, సహాయం కొరకు 14567 టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేయవచ్చును.