ఒక్క రాత్రి అతిథులు

ఉద్యోగరీత్యా బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగు ముస్లిం కుటుంబాలు మన పాఠకులలో అనేకుల బంధువర్గంలో ఉన్నాయి. వేసవి సెలవుల్లో పిల్లలకు ఆ దేశాన్ని చూపించదలచినప్పుడు హోటళ్లకు బదులు మోటార్‌హోమ్‌ను అద్దెకు తీసుకోవడం వారికి ఎంతో అనుకూలం. మోటార్‌హోమ్ అంటే పడకలు, పొయ్యి, నీటి ట్యాంకు, మరుగుదొడ్డి గల చిన్న ఇల్లును మోసుకుపోయే వాహనం. వంట మన చేతిలో ఉంటుంది కనుక హలాల్ విషయంలో బెంగ ఉండదు. స్త్రీలకు పరదా దొరుకుతుంది. వుజూకు, నమాజుకు ఎవరి అనుమతీ అడగనక్కరలేదు.

చిక్కంతా రాత్రి ఎక్కడ ఆగాలన్న దగ్గరే వస్తుంది. అందంగా ఉంది కదా అని ఏ చెట్టు కిందనో వాహనం నిలిపి నిద్రించే హక్కు ఇంగ్లండ్, వేల్స్‌లలో లేదు. స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణల చట్టం బాటసారులకు విశాలమైన స్వేచ్ఛ ఇచ్చినా, మోటారు వాహనాలకు అది వర్తించదు. క్యాంప్‌సైట్‌లు ఉన్నాయి గాని, పాఠశాలల సెలవుల్లో వాటిలో చోటు దొరకడం కష్టం. రుసుమూ తక్కువ కాదు. ఇక మిగిలిన మార్గం పల్లెటూరి పబ్బుల ఆవరణలు, పొలాల్లోనే పంటను అమ్ముకునే ఫార్మ్ షాపుల ఆవరణలు. యజమానిని అడిగి అక్కడ ఒక్క రాత్రి బండి నిలుపుకుంటారు. చాలాచోట్ల అద్దె ఉండదు.

ఈ ఏర్పాటు ఫ్రాన్స్‌లో మొదట బలపడింది. 1993లో మొదలైన ‘ఫ్రాన్స్ పాసియోఁ’ అనే సంస్థ రైతులను, ద్రాక్షతోటల యజమానులను కూడగట్టి, సభ్యులైన ప్రయాణికులకు వారి పొలాల్లో ఇరవైనాలుగు గంటలపాటు ఉచితంగా ఆగే వీలు కల్పించింది. అదే పద్ధతిలో 2011లో బ్రిటన్‌లో ‘బ్రిట్ స్టాప్స్’ వచ్చింది. కొనుగోలు చేయాలన్న నిర్బంధం రెండింటిలోనూ లేదు. సంస్థలతో పని లేకుండా నేరుగా పబ్బుకు ఫోను చేసి అడిగేవారూ ఉన్నారు.

పబ్బు యజమాని ఎందుకు ఒప్పుకుంటాడు? 2000 సంవత్సరం నాటికి బ్రిటన్‌లో అరవై వేలకు పైగా ఉన్న పబ్బులు ఇప్పుడు నలభై అయిదు వేల దగ్గరకు పడిపోయాయి. ఊరిలో ఉన్న ఒక్కటీ మూతపడిన పల్లెలు ఎన్నో. రాత్రి ఖాళీగా ఉండే ఆవరణలో ఒక బండి నిలిస్తే నలుగురు భోజనానికి వస్తారన్నది వారి ఆశ. నిజానికి ఇది కొత్త మర్యాదేమీ కాదు. రైలు రాకముందు గుర్రపు బగ్గీలు ఆగి గుర్రాలను మార్చుకున్నదీ, బాటసారులు తలదాచుకున్నదీ ఇటువంటి ‘ఇన్’ల ముంగిళ్లలోనే. ఆ పాత ఇన్‌ల పెద్ద వాకిళ్లు, గుర్రపుశాలలు నేటికీ అక్కడక్కడా కనిపిస్తాయి. మన సరాయిలు, ముసాఫిర్‌ఖానాలు తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది.

అయితే మన సరాయిలో మద్యం లేదు, అక్కడి పబ్బు నడిచేది మద్యంతోనే. మన కుటుంబాలకు ఎదురయ్యే అసలు ప్రశ్న ఇదే. మద్యం సాగుతున్న బల్ల దగ్గర కూర్చోవద్దన్నది దైవప్రవక్త (స) బోధ. కనుక లోపలికి వెళ్లి భోజనం చేయడానికి మనసొప్పని వారు అనేకులు. మరి, నిర్బంధం లేదు కదా అని రాత్రంతా ఆ ఆవరణలో ఉండి, మన బిర్యానీ మనం వండుకుని తిని, తెల్లవారగానే వెళ్లిపోవడం న్యాయమేనా? మా అభిప్రాయంలో కాదు. నియమం అడ్డు రాకపోవచ్చును. కాని ఆతిథ్యం ఇచ్చినవాని ఆశ మనకు తెలుసు, అది నెరవేరదనీ మనకే తెలుసు. తెలిసిన సంగతిని దాచి మేలు పొందడం మోమిన్‌కు తగదు. ఫోనులోనే విషయం చెప్పేయాలి: “మేము మద్యం ముట్టము, లోపల భోజనానికీ రాలేము, స్థలానికి రుసుము ఇవ్వవచ్చునా?” సరేనంటే ఇచ్చి ఆగవచ్చు; కాదంటే కృతజ్ఞత చెప్పి ముందుకు సాగవచ్చు. తోటలోనో వాకిట్లోనో విడిగా కూర్చుని తినదలచినవారు ఒక సంగతి గమనించాలి. చేపలు, బంగాళాదుంప చిప్స్ నిరపాయమని మనం అనుకుంటాం. వాటిని మాంసం వేయించిన నూనెలోనే వేయించవచ్చు. యార్క్‌షైర్ వైపు చాలా దుకాణాల్లో గొడ్డుకొవ్వులోనే వేయిస్తారు. అడిగితే చెబుతారు.

పబ్బులో ఆగిన ఇతర ప్రయాణికులకు ఉండి, మనకు లేని చిక్కు ఒకటుంది. 1988 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం మద్యం మోతాదు మించినవాడు బండి నడపకపోయినా, అది అతని అధీనంలో ఉంటే చాలు, నేరం కావచ్చును. రాత్రి ఎవరైనా వచ్చి బండిని కొంచెం పక్కకు జరపమంటే, తాగనివాడు ఒక్కడైనా ఉండాలి. మన కుటుంబాల్లో అందరూ జరపగలరు!

ఇన్ని మీమాంసలు లేనిది ఫార్మ్ షాపు. మేము సిఫారసు చేసేదీ అదే. జూన్‌లో స్ట్రాబెర్రీలు, శరదృతువులో యాపిల్ పండ్లు, ఏడాది పొడవునా గుడ్లు, బంగాళాదుంపలు, తేనె, జున్ను. మాంసం మనకు పనికిరాదు. జున్ను కొనేటప్పుడు శాకాహార రెన్నెట్‌తో చేసినదేనా అని చీటీ చూసుకోవాలి. పై, పేస్ట్రీల్లో పందికొవ్వు ఉండవచ్చు. అయినా ఒక పూట వంటకు సరిపడా సరుకు కొనడానికి లోటేమీ ఉండదు. ఇచ్చిన మేలుకు బదులు మేలు చేసినట్లూ ఉంటుంది. సాయంత్రం త్వరగా మూసేస్తారు కనుక, మూయకముందే చేరి యజమానిని పలకరించి, ఎక్కడ నిలపమంటే అక్కడే నిలపాలి. గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరచి ఉంటే తెరచే వదలాలి. గొర్రెలు, ఆవులు ఉన్న చోట పిల్లలను అదుపులో ఉంచుకోవాలి.

పొలాల దారుల్లో పిల్లలకు తప్పక చూపించవలసినది మరొకటుంది. బాట పక్కన చిన్న బల్ల, దానిపై గుడ్లో కూరగాయలో, ధర రాసిన అట్ట, పక్కన డబ్బుల డబ్బా. అమ్మేవాడు ఎక్కడా కనిపించడు. దీనిని ‘ఆనెస్టీ బాక్స్’ అంటారు. చిల్లర లేక ఆరు గుడ్లకు బదులు నాలుగు గుడ్ల డబ్బే వేయాల్సి వస్తే నాలుగే తీసుకోవాలి. అమానత్ అనే మాటను పాఠంగా చెప్పడం కంటే, ఆ డబ్బాలో నాణేలు పిల్లవాడి చేతనే వేయించడం మేలు.

ఒక్క రాత్రి అన్న మాటకు చట్టం కూడా తోడుంది. 1960 నాటి కారవాన్ స్థలాల చట్టం ప్రకారం, బాటసారి ఒక్క బండితో రెండు రాత్రులకు మించకుండా ఆగితే యజమానికి లైసెన్సు అక్కరలేదు. కాని అదే సమయంలో ఆ స్థలంలో మరో బండి ఉండరాదు, ఏడాదిలో అటువంటి రోజులు 28 దాటరాదు. కనుక “ఇంకో రెండు రోజులుంటాం” అనడం, మిత్రుల బండ్లను కూడా పిలవడం యజమానిని ఇబ్బందిలోకి నెట్టడమే. ఆతిథ్యం మూడు రోజులనీ, ఆతిథేయునికి భారమయ్యేటంతగా ఉండరాదనీ మనకు బోధ ఉంది. ఇక్కడ ఆ గడువు ఇంకా చిన్నది.

అసలు కష్టం నీటిది. సాధారణమైన ట్యాంకులో నూరు లీటర్లు పడతాయి. అయిదుగురు అయిదు పూటలా వుజూ చేస్తే, మనిషికి పూటకు రెండు లీటర్ల చొప్పున యాభై లీటర్లు దానికే. కొళాయి తిప్పి వదిలేస్తే ఇంకా ఎక్కువ. లోటాతో పోసుకుంటే సగానికి సగం మిగులుతుంది. దైవప్రవక్త (స) లీటరు కన్నా తక్కువ నీటితోనే వుజూ చేసేవారన్నది ప్రసిద్ధమే. మరుగుదొడ్డి కింది డబ్బా ఇరవై లీటర్ల లోపే ఉంటుంది. ఇస్తింజాకు నీరు వాడే కుటుంబానికి అది అద్దె కంపెనీ చెప్పిన దానికంటే ముందే నిండుతుంది. దానిని పొలంలోనో, కాలువలోనో, పబ్బు మరుగుదొడ్డిలోనో ఖాళీ చేయరాదు. రెండు రాత్రులు పొలాల్లో గడిపితే మూడో రాత్రి క్యాంప్‌సైట్‌కు వెళ్లి ఖాళీ చేసి, నీరు నింపుకోవాలి. బాటసారులకు తలుపులు మూసేలా చేసేది ఎక్కువగా ఈ మురికినీరే.

మన దేశపు లైసెన్సుపై వెళ్లిన సందర్శకులు పన్నెండు నెలలపాటు 3,500 కిలోల లోపు బండ్లు నడపవచ్చును. అద్దె కంపెనీ వయసు, అనుభవం విషయంలో వేరే షరతులు పెట్టవచ్చు. చలి వేసిందని పొయ్యి వెలిగించి కిటికీలు మూసుకుని పడుకోరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. అలారం పనిచేస్తున్నదో లేదో బండి తీసుకునేటప్పుడే చూసుకోవాలి.

నమాజు విషయంలో తల్లిదండ్రులకు ముందే చెప్పి ఉంచడం మంచిది. మనకు ఖిబ్లా పడమర, బ్రిటన్‌లో ఆగ్నేయం. ఊరు దాటి దూరం వెళ్లినవారు ముసాఫిర్లు కనుక నాలుగు రకాతులు రెండవుతాయి. జూన్ నడుమ లండన్‌లో సూర్యాస్తమయం రాత్రి 9.20కి, సూర్యోదయం ఉదయం 4.43కి. ఉత్తరాన ఇన్వర్‌నెస్ వైపు పది దాటాకే పొద్దు గుంకుతుంది. ఇషా, ఫజర్ వేళలకు దగ్గరి మసీదు పట్టికను అనుసరించడం సులువు. ఆ చిన్న రాత్రిలో ఫజర్‌కు లేచినప్పుడు ఇల్లుగలవారు గాఢనిద్రలో ఉంటారని మరువరాదు. జారే తలుపు చప్పుడుకు, నీటి పంపు చప్పుడుకు పొలం కుక్క మొరుగుతుంది. లోటాలో నీరు సాయంత్రమే పట్టి పెట్టుకోవాలి, చెప్పులు తలుపు లోపలే ఉంచుకోవాలి, ఇంజన్ మాత్రం తెల్లవారి యజమానికి సలాము వంటి ఒక పలకరింపు చెప్పాకే వేయాలి.