ట్యాంకు ఎక్కడ పెట్టాలి గురూ!

కొండరాళ్ల మీద బండి నడపడం అమెరికాలో చాలామందికి వారాంతపు సరదా. దానికోసం వాళ్లు చేసే హంగామా అంతా ఇంతా కాదు. షోరూమ్ నుంచి తెచ్చుకున్న జీపును ఇంటి గ్యారేజీలోనే ఊడదీస్తారు. పెద్ద టైర్లు తొడుగుతారు. స్ప్రింగులు మారుస్తారు. బాడీని పైకి లేపుతారు. యాక్సిల్‌ని వెనక్కి జరుపుతారు. ఇంత చేశాక చూస్తే బండిలో ఒక్కటి మాత్రం ఉన్నచోటే ఉండి, అన్నిటికీ అడ్డం పడుతుంటుంది. అదే పెట్రోలు ట్యాంకు!

కాలిఫోర్నియాలో తాహో సరస్సుకు వెళ్లే రూబికాన్ ట్రెయిల్ అని ఓ దారి ఉంది. దారి అనడం మర్యాదకే... సుమారు 35 కిలోమీటర్ల పొడవునా ఎక్కడ చూసినా బండరాళ్లే. 1953లో మొదలైన జీపుల జాతర ‘జాంబోరీ’కి పుట్టినిల్లు అదే. ఆ దారి పేరునే జీప్ కంపెనీ 2003లో తన ‘రాంగ్లర్’లో ఒక రకానికి పెట్టుకుంది. ఇలాంటిచోట బండరాయి మీద నుంచి జీపు దిగుతున్నప్పుడు ముందు చక్రాలు దిగిపోతాయి, వెనక చక్రాలూ దిగిపోతాయి. చివరికి తోక భాగం ధన్‌మని రాయిమీద కూలబడుతుంది. 1997 నుంచి 2006 దాకా వచ్చిన రాంగ్లర్ మోడల్లో ఆ తోకలో ఉండేది ట్యాంకే. వెనక యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్య, ఇనప పళ్లెంలో కూర్చోబెట్టిన ప్లాస్టిక్ ట్యాంకు. పెద్ద సైజుదైతే 72 లీటర్లు పడుతుంది. నిండా పోస్తే ఒక్క పెట్రోలు బరువే యాభై కిలోలు దాటుతుంది.

కింద నుంచి రాయి తగలడం ఒక బాధ. అంతకంటే పెద్ద చిక్కు ముందువైపు నుంచి వస్తుంది. ఈ జీపులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 237 సెంటీమీటర్లే. నిటారు గుట్ట ఎక్కేటప్పుడు ఇంత పొట్టి బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. అందుకని వెనక యాక్సిల్‌ని నాలుగైదు అంగుళాలు వెనక్కి జరుపుతారు. జరిపితే ఎదురయ్యేది ఏమిటి? ట్యాంకు. యాక్సిల్ నడుమ కుండలా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్ సరిగ్గా దాని మీదకే వెళ్తుంది.

నిలబడ్డ బండి అబద్ధం చెబుతుంది

కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు బండి నేలమీద నిలబడి ఉండగా టేపు పెట్టి కొలిచి, ‘మూడంగుళాల ఖాళీ ఉందిగా’ అని సంబరపడతారు. కానీ బండి కదులుతున్నప్పుడు యాక్సిల్ ఉన్నచోట ఉండదు. గోతిలో పడితే చక్రం పైకి వస్తుంది. దాంతోపాటు డిఫరెన్షియల్ కూడా లేస్తూ కాస్త తిరుగుతుంది. పైగా రాళ్లలో రెండు చక్రాలూ ఒక్కసారే లేవవు. ఎడమది పైకి పోతే కుడిది కిందికి వేలాడుతుంది. యాక్సిల్ ఏటవాలుగా నిలబడుతుంది. ఆ క్షణంలో మూడంగుళాల ఖాళీ కాస్తా మాయమైపోతుంది.

అందుకే పని తెలిసినవాళ్లు ముందుగా స్ప్రింగులు తీసేస్తారు. బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, జాకీతో యాక్సిల్‌ని చివరిదాకా పైకి లేపుతారు. ఒకసారి రెండువైపులా కలిపి, ఇంకోసారి ఎడమవైపు, మరోసారి కుడివైపు. ప్రతిసారీ ట్యాంకుకూ యాక్సిల్‌కూ మధ్య ఎంత సందుందో కొలిచి రాసుకుంటారు. పనంతటిలోకీ విసుగు పుట్టించేది ఇదే. ఇది మానేసి చేసిన మిగతా పనంతా గాలిలో దీపం.

కొలత తేలాక మార్గాలు వెతకాలి. అన్నిటికంటే తేలిక... యాక్సిల్ అంత పైకి రాకుండా అడ్డుకునే రబ్బరు దిమ్మల్ని ఇంకాస్త ఎత్తువి పెట్టడం. ఖర్చు తక్కువే. కానీ చక్రం ఎక్కువ ఎత్తు ఎగరాలనేగా అంత డబ్బు పోసి స్ప్రింగులు మార్చింది! రెండోది, బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు పెట్టి బాడీని ఓ అంగుళం లేపడం. అప్పుడు ట్యాంకు పైన ఖాళీ వస్తుంది. ట్యాంకును కూడా అంత మేర పైకి లాగి బిగించొచ్చు. అదీ చాలకపోతే పాత ట్యాంకు పీకేసి, యాక్సిల్‌కి చోటిచ్చేలా ముందువైపు కోసినట్టుండే వేరే ట్యాంకు పెట్టాలి. లేదా ట్యాంకును ఏకంగా సీట్ల వెనక సామాను పెట్టుకునే చోటికి ఎక్కించాలి.

పింటో నేర్పిన పాఠం

ఇక్కడ ఒక పాత కథ గుర్తుచేసుకోవాలి. 1970ల్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ‘పింటో’ అనే చిన్న కారు అమ్మింది. దాని ట్యాంకు కూడా వెనక యాక్సిల్‌కీ బంపర్‌కీ మధ్యే ఉండేది. వెనక నుంచి మరో బండి గుద్దితే ట్యాంకు ముందుకు నలిగి డిఫరెన్షియల్ మీదికి వెళ్లేది. అక్కడి బోల్టులు ట్యాంకును పొడిచేవి. పెట్రోలు కారి మంటలు లేచి ప్రాణాలు పోయాయి. చివరికి 1978లో కంపెనీ దాదాపు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచి, ట్యాంకుకూ డిఫరెన్షియల్‌కూ మధ్య ప్లాస్టిక్ కవచం పెట్టింది. పెట్రోలు పోసే గొట్టాన్ని కూడా పొడుగుది వేసింది. ట్యాంకు వెనకే ఉన్న పాత జీప్ మోడళ్ల గొడవ 2013 దాకా నడిచింది. ఆ ఏడు క్రిస్లర్ 15 లక్షలకు పైగా గ్రాండ్ చెరోకీ, లిబర్టీ బళ్లను పిలిపించి, వెనక ట్రెయిలర్ తగిలించే ఇనప కొక్కెం బిగించేందుకు ఒప్పుకుంది.

యాక్సిల్‌ని వెనక్కి జరిపే కుర్రాడు తెలిసో తెలియకో ఆ పాత సందునే మళ్లీ ఇరుకు చేస్తున్నాడన్నమాట. రాళ్లలో గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో పాకే బండికి వెనక నుంచి గుద్దేవాళ్లుండరు, నిజమే. కానీ సాయంత్రం అదే బండి హైవే ఎక్కి ఇంటికి వస్తుంది. ఆ లెక్కన చూస్తే తగలకుండా ఉంటే చాలదు. తగిలినా చిరగకుండా ఉండాలి.

ఆ ఆలోచన రేసు మైదానాల్లో మంటల మధ్యే పుట్టింది. 1964 ఇండియానాపోలిస్ 500 రేసులో రెండో ల్యాపులోనే జరిగిన ప్రమాదంలో ఎడ్డీ సాక్స్, డేవ్ మెక్‌డొనాల్డ్ మంటల్లో చనిపోయారు. ఆ తర్వాతే రేసుకార్లకు ‘ఫ్యూయల్ సెల్’ తప్పనిసరయింది. బయట లోహపు పెట్టె, లోపల సాగే గుణమున్న దళసరి సంచి, దానిలోపల స్పాంజిలాంటి ఫోమ్. పెట్టె నలిగినా సంచి చిరగదు. పెట్రోలు అటూ ఇటూ ఎగిరిపడదు. రాళ్ల బళ్లవాళ్లు ఇప్పుడు సీట్ల వెనక పెట్టుకుంటున్నది ఇలాంటిదే. అయితే ఆ పెట్టెకూ మనుషులకూ మధ్య ఆవిరి చొరబడని రేకు గోడ ఉండి తీరాలి. దాన్ని దండగ ఖర్చు అనుకునేవాళ్లూ ఉన్నారు!

ట్యాంకు కదిలితే దాని పరివారమంతా కదలాలి. పెట్రోలు పోసే గొట్టం పై నుంచి కిందికి వాలుగా ఉండాలి. ట్యాంకును పైకి లేపినప్పుడు ఆ వాలు పోతుంది. ఇక బంకులో నాజిల్ పెట్టిన ప్రతిసారీ ‘టక్’మని ఆగిపోతుంటుంది. గాలి గొట్టానికి, బండి బోల్తాపడినా పెట్రోలు కారనివ్వని వాల్వు కావాలి. ఇక పంపు సంగతి. ఈ బళ్లలో అది ట్యాంకు లోపలే పెట్రోలులో మునిగి ఉండి చల్లబడుతుంది. నిటారు ఎక్కుడులో పెట్రోలంతా ఓ మూలకి పోతే పంపు గాలి పీలుస్తుంది, ఇంజిన్ ఆగిపోతుంది. అందుకే లోపల అడ్డుపలకలు ఉంటాయి. సైలెన్సర్ గొట్టం దగ్గరికొస్తే మధ్యలో వేడి ఆపే రేకు పెట్టాలి.

ఒకటి మాత్రం ఎవరూ ఇంట్లో చేయకూడదు. పాత ఇనప ట్యాంకును ఖాళీ చేసేశాంగదా అని వెల్డింగ్ పెట్టడం! నిండిన ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి ఒకటిన్నర శాతం ఉంటే చాలు, నిప్పురవ్వకి పేలుతుంది.

మన దగ్గర ఈ సరదాకి చట్టం కూడా అడ్డే. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది.

పని పూర్తయ్యాక చివరి పరీక్ష ఒకటుంటుంది. ట్యాంకు నిండా పోసి, బండిని ఏటవాలుగా నిలబెట్టి రాత్రంతా వదిలేస్తారు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలమీదే పరుచుకుంటుంది. పొద్దున్నే షెడ్డు తలుపు తీశాక లైటు స్విచ్ జోలికి పోకుండా, ముందు కిందికి వంగి వాసన చూస్తారు.