పాత లెన్సు కొత్త ప్రొజెక్టరుకు ఎందుకు సరిపోదు?

జడ్చర్లలో ఒక థియేటరువాళ్లు పాత డిజిటల్ ప్రొజెక్టరు తీసేసి కొత్తది పెట్టుకుంటున్నారనుకుందాం. పాత లెన్సు మీద గీత కూడా పడలేదు. దాన్నే బిగిస్తే పోదా? చాలాసార్లు కుదరదు.

బార్కో, క్రిస్టీ, ఎన్ఈసీ ప్రొజెక్టర్లలో బొమ్మను తయారుచేసేది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్పు. దాని నిండా లక్షల చిట్టి అద్దాలు. ఒక్కోటీ వెంట్రుక కంటే సన్నం. అటూ ఇటూ వాలుతూ వెలుగును లెన్సులోకో, పక్కకో తిప్పుతుంది. ఈ చిప్పులన్నీ ఒకే సైజు కాదు. మూల నుంచి మూలకు కొలిస్తే 2కే చిప్పుల్లో 0.98, 1.2 అంగుళాలవి ఉన్నాయి. పెద్ద 4కే చిప్పు 1.38 అంగుళాలు.

ఇప్పుడు లెక్క చూడండి. క్యాబిన్ నుంచి తెరకు 60 అడుగులు, బొమ్మ వెడల్పు 30 అడుగులు. 60ని 30తో భాగిస్తే 2. దీన్నే త్రో రేషియో అంటారు. లెన్సు అదే అయితే చిప్పు ఎంత పెరిగితే బొమ్మా అంతే పెరుగుతుంది. 1.2 అంగుళాల చిప్పుకు బదులు 1.38 అంగుళాల చిప్పు వస్తే, అదే లెన్సుతో బొమ్మ 34.5 అడుగులవుతుంది. హీరో భుజం తెర దాటి గోడెక్కుతుంది! జూమ్‌తో కొంత తగ్గించొచ్చు, అదీ దాని హద్దు వరకే.

సైజు ఒక్కటే కాదు, ఇంకో చిక్కూ ఉంది. రంగుకొకటిగా ఉండే చిప్పులకూ లెన్సుకూ మధ్య ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల్ని కలిపే మందపాటి గాజు పట్టకం ఉంటుంది. దానివల్ల లెన్సు చిప్పులకు దూరంగా ఉంటుంది. అంత దూరం నుంచి ఫోకస్ చేసేలా లెన్సును ప్రత్యేకంగా తయారుచేయాలి. రీళ్ల కాలపు లెన్సులు ఇక్కడ పనికిరానిది అందుకే. ఇక బిగించే చోటు, జూమ్ మోటార్ల కనెక్షన్లు కంపెనీకో తీరు. ఒకే కంపెనీలోనూ సిరీస్ మారితే లెన్సు మారొచ్చు. అందుకే కొనేముందు మోడల్ నంబరుతో ఆ కంపెనీ లెన్సుల పట్టిక తెరిచి చూస్తారు.